ఆదివారం పనికి పిలిస్తే: చట్టం ఇచ్చే రక్షణ ఎంత, ఎవరికి?

దేశంలో 29 కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కార్మిక స్మృతులు (లేబర్ కోడ్‌లు) 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాయి. గ్రాట్యుటీ, నియామక పత్రాలు, వేతన నిర్వచనం వంటి అంశాలపై విస్తృతంగా చర్చ జరిగింది. కోట్లాది మంది వారంవారం ఎదుర్కొనే ఒక ప్రశ్న మాత్రం ఆ చర్చలో వెనుకబడింది. ‘ఈ ఆదివారం కూడా పనికి రావాలి’ అని పై అధికారి ఆదేశిస్తే ఉద్యోగి కాదనవచ్చునా? కాదంటే ఉద్యోగానికి ముప్పు ఉంటుందా? వెళ్తే అందుకు తగిన ప్రతిఫలం దక్కుతుందా?

ఈ ప్రశ్నకు భారతీయ చట్టంలో ఒకే సమాధానం లేదు. పనిచేసే చోటును బట్టి, చేసే పని స్వభావాన్ని బట్టి, అన్నింటికంటే ముఖ్యంగా చట్టం ఆ వ్యక్తిని ఏ పేరుతో పిలుస్తుందన్నదాన్ని బట్టి సమాధానం మారుతుంది. వారాంతపు పని గురించి ఇటీవల గట్టిగా గళం విప్పుతున్న వర్గాలే ఈ రక్షణ అంచున నిలబడి ఉండటం గమనించదగిన వైరుధ్యం.

పోరాడి తెచ్చుకున్న సెలవు

ఆదివారం సెలవు భారతీయ కార్మికులకు ఎవరో దయతలచి ఇచ్చినది కాదు. బొంబాయి నూలు మిల్లుల్లో సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు, వారమంతా యంత్రాలు నడిచిన కాలంలో జ్యోతిరావు ఫూలే సహచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే కార్మికులను కూడగట్టారు. 1884లో ఆయన బాంబే మిల్‌హ్యాండ్స్ అసోసియేషన్‌ను స్థాపించారు. ఆరేళ్ల ఆందోళన అనంతరం 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు అంగీకరించారు. మరుసటి ఏడాది, 1891 ఫ్యాక్టరీల చట్టం వారపు సెలవుకు శాసన రూపమిచ్చింది. అంతకు పదేళ్ల ముందు, 1881లో వచ్చిన తొలి చట్టం బాలకార్మికులకు మాత్రమే నెలకు నాలుగు సెలవులు ఇచ్చి ఊరుకుంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లో పరిశ్రమల్లో వారపు విశ్రాంతిపై 14వ ఒడంబడికను ఆమోదించగా, భారత్ 1923లోనే దానిని ధ్రువీకరించింది. ఏడు రోజుల్లో కనీసం 24 గంటల నిరంతర విశ్రాంతి అన్నది ఆ ఒడంబడిక సారాంశం. స్వాతంత్ర్యానంతరం వచ్చిన 1948 ఫ్యాక్టరీల చట్టం ఈ సూత్రాన్ని వివరంగా పొందుపరచింది. వారానికి 48 గంటల పరిమితి విధించింది. ఆదివారం పని చేయించాల్సి వస్తే దానికి ముందు మూడు రోజుల్లో గాని, తరువాతి మూడు రోజుల్లో గాని ప్రత్యామ్నాయ సెలవు ఇవ్వాలంది. ఎట్టి పరిస్థితుల్లోనూ పూర్తి రోజు సెలవు లేకుండా వరుసగా పది రోజులకు మించి పని చేయించరాదని నిర్దేశించింది.

చట్టం కాపాడుతున్నది ఆదివారమనే రోజును కాదు, ఏడింట ఒక రోజును. ఆసుపత్రులు, విద్యుత్ కేంద్రాలు, రైళ్లు, వార్తా సంస్థలు ఆదివారం ఆగవు. కాబట్టి ‘ఆదివారం పని చేయించడం చట్టవిరుద్ధం’ అనే అభిప్రాయం సరికాదు. ఆ వారంలో మరో రోజు సెలవు ఇచ్చారా లేదా అన్నదే అసలు ప్రశ్న.

కొత్త స్మృతి ఏమంటోంది?

ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి ఈ విషయంలో పాత సూత్రాన్ని కొనసాగించింది. రోజుకు ఎనిమిది గంటల పని అన్నది సాధారణ నియమం. ఏ వారంలోనూ కార్మికుని చేత ఆరు రోజులకు మించి పని చేయించరాదని 26వ సెక్షన్ చెబుతోంది. మినహాయింపుల కారణంగా వారపు సెలవు కోల్పోతే, అదే నెలలో గాని తరువాతి రెండు నెలల్లో గాని అన్నే పరిహార సెలవులు ఇవ్వాలి. కార్యాలయాల్లో ‘కాంప్ ఆఫ్’ అని పిలుచుకునే సెలవుకు చట్టపరమైన మూలం ఇదే. అది అధికారి ఇష్టాయిష్టాలపై ఆధారపడిన సౌకర్యం కాదు.

27వ సెక్షన్ అదనపు పనికి రెట్టింపు వేతనాన్ని నిర్దేశిస్తూ, ఒక కీలక షరతు పెట్టింది. కార్మికుని సమ్మతితోనే అదనపు పని చేయించాలి. సమ్మతి అనే ఈ ఒక్క మాట వారాంతపు పని వివాదాల్లో ఇకపై ప్రధానం కానుంది. ఎందుకంటే, ఆదేశాన్ని తిరస్కరించిన ఉద్యోగిపై యాజమాన్యాలు సాధారణంగా మోపే అభియోగం ‘అవిధేయత’. కానీ దేశంలో దశాబ్దాలుగా అమల్లో ఉన్న నమూనా స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం, చట్టబద్ధమైన, సహేతుకమైన ఆదేశాన్ని ఉద్దేశపూర్వకంగా ధిక్కరించినప్పుడే అది దుష్ప్రవర్తన అవుతుంది. సమ్మతి తప్పనిసరి అని చట్టమే చెప్పిన చోట, సమ్మతి లేకుండా ఇచ్చిన ఆదేశం చట్టబద్ధమైనదని నిరూపించుకోవడం యాజమాన్యానికి తేలిక కాదు.

శనివారం వేరు, ఆదివారం వేరు

వారానికి ఐదు రోజులే పనిచేసే సంస్థల ఉద్యోగులు తరచుగా పొరబడే అంశం ఒకటుంది. చట్టం హామీ ఇచ్చేది వారానికి ఒక్క సెలవునే. రెండో సెలవు, అంటే శనివారం, నియామక ఒప్పందం నుంచి గాని, సంస్థ విధానం నుంచి గాని, యూనియన్లతో కుదిరిన అంగీకారం నుంచి గాని వచ్చినది. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో ఐదు రోజుల పనివారం 1985లో ప్రభుత్వ నిర్ణయంతో వచ్చింది. బ్యాంకులకు రెండు, నాలుగు శనివారాల సెలవు 2015 సెప్టెంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. మిగిలిన శనివారాలకూ దానిని విస్తరించేందుకు 2024 మార్చిలో బ్యాంకుల సంఘం, ఉద్యోగ సంఘాల మధ్య అవగాహన కుదిరినా, ప్రభుత్వ ఆమోదంతో ముడిపడిన ఆ డిమాండ్ ఆందోళనలకు దారితీసింది.

ఈ తేడా ప్రతిఫలంపైనా ప్రభావం చూపుతుంది. రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఐదు రోజులు పనిచేసే ఉద్యోగి శనివారం మరో ఎనిమిది గంటలు పనిచేస్తే వారపు మొత్తం 48 గంటలవుతుంది. చట్టబద్ధ పరిమితి దాటలేదు కాబట్టి, ఒప్పందంలో ప్రత్యేకంగా ఉంటే తప్ప, రెట్టింపు వేతనం కోరే వీలు ఉండదు. అదే ఉద్యోగి ఆదివారం కూడా వస్తే మొత్తం 56 గంటలవుతుంది. అప్పుడు ఎనిమిది గంటలు అదనపు పని కిందకు వస్తాయి, వారపు సెలవు కూడా పోయినట్టవుతుంది.

ఉదాహరణకు, నెలకు 26 పనిదినాలకు రూ.26,000 వేతనం పొందే కార్మికుడి సాధారణ వేతనం గంటకు రూ.125 అనుకుంటే, ఆ ఎనిమిది గంటలకు రెట్టింపు రేటున రూ.2,000 రావాలి. ఒక పూట భోజనంతోనో, ‘అప్రైజల్‌లో చూసుకుందాం’ అనే మాటతోనో ఆ బాకీ తీరదు.

అలాగని శనివారానికి రక్షణే లేదనడం కూడా తప్పు. పని గంటలు, సెలవుల వంటి సేవా షరతులను కార్మికులకు నష్టం కలిగేలా మార్చదలిస్తే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని పారిశ్రామిక సంబంధాల స్మృతి 40వ సెక్షన్ నిర్దేశిస్తోంది. ఐదు రోజుల వారాన్ని ఒక ఈమెయిల్‌తో ఆరు రోజులు చేయడం కుదరదు. ఒక వారం అత్యవసరంగా పిలవడం వేరు, ప్రతి శనివారాన్నీ పనిదినంగా మార్చడం వేరు.

కార్మికుడా, ఉద్యోగియా?

ఈ రక్షణలన్నీ ఎవరికి వర్తిస్తాయన్న దగ్గరే అసలు చిక్కు ఉంది. వాడుక భాషలో కార్మికుడు, ఉద్యోగి అనే మాటలకు చేసే పనిని బట్టి, హోదాను బట్టి తేడా చూస్తాం. చట్టంలో ఆ రెండు పదాల మధ్య దూరం హక్కుల మధ్య దూరం. భద్రత స్మృతిలోని పై సెక్షన్లు ‘వర్కర్’కు మాత్రమే వర్తిస్తాయి. శారీరక, సాంకేతిక, కార్యనిర్వహణ, గుమాస్తా, పర్యవేక్షణ పనులు చేసేవారు ఆ నిర్వచనంలోకి వస్తారు. నిర్వాహక, పరిపాలన హోదాల్లో ఉన్నవారు రారు. పర్యవేక్షణ పనిలో ఉండి నెలకు రూ.18,000కు మించి వేతనం పొందేవారు కూడా రారు.

సాఫ్ట్‌వేర్ ఇంజినీరు చేసేది సాంకేతిక పని. ఆ లెక్కన జీతం ఎంత ఉన్నా ఆయన కార్మికుడే అని వాదించడానికి ఆస్కారం ఉంది. అయితే నియామక పత్రంలో ‘మేనేజర్’, ‘లీడ్’ వంటి హోదాలు చేర్చి సంస్థలు ఆ వాదనను ముందుగానే అడ్డుకోవచ్చు. హోదా పేరును కాకుండా వాస్తవంగా చేసే ప్రధాన విధులను చూడాలని న్యాయస్థానాలు అనేక సందర్భాల్లో చెప్పాయి. కానీ ఆ విషయం తేలడానికి ఉద్యోగి న్యాయస్థానం దాకా వెళ్లాల్సి ఉంటుంది. ఉద్యోగంలో ఉండగా అందుకు సాహసించేవారు అరుదు.

దీనికి మరో ద్వారం ఉంది. 2019 వేతనాల స్మృతిలో ‘ఎంప్లాయీ’ అనే పదానికి విస్తృత నిర్వచనం ఇచ్చారు. నిర్వాహక, పరిపాలన హోదాల్లో ఉన్నవారు కూడా అందులోకి వస్తారు. కనీస వేతనాలు నిర్ణయించిన చోట ఏడు రోజులకొక విశ్రాంతి దినాన్ని నిర్దేశించే అధికారాన్ని, ఆ రోజు పని చేయిస్తే అదనపు పని రేటుకు తగ్గకుండా చెల్లింపును నిర్దేశించే అధికారాన్ని 13వ సెక్షన్ ప్రభుత్వాలకు ఇచ్చింది. ఆ సెలవును ‘అందరు ఉద్యోగులకు’ ఇస్తారా, ‘నిర్దిష్ట వర్గాలకు’ మాత్రమే ఇస్తారా అన్నది ప్రభుత్వాలు రూపొందించే నియమావళిని బట్టి ఉంటుంది. మధ్యతరగతి వృత్తి నిపుణుల వారాంతం ఎంత భద్రమన్నది పార్లమెంటు కంటే ఈ నియమాలే ఎక్కువగా తేలుస్తాయి. సంధి కాలంలో పాత చట్టాల కింద ఉన్న నియమాలు, నోటిఫికేషన్లు కొనసాగుతాయని కేంద్రం ప్రకటించింది.

పదిమంది కంటే తక్కువ మంది పనిచేసే దుకాణాలు, చిన్న కార్యాలయాలు సాధారణంగా భద్రత స్మృతి పరిధిలోకి రావు. వాటికి రాష్ట్రాల దుకాణాలు, సంస్థల చట్టాలే దిక్కు. ఇంటిపని చేసేవారి స్థితి అంతకంటే బలహీనం. వారి వారపు సెలవుకు దేశవ్యాప్త చట్టం ఏదీ హామీ ఇవ్వడం లేదు. యాప్‌ల ద్వారా సరుకులు, భోజనం చేరవేసేవారిని సామాజిక భద్రత స్మృతి తొలిసారిగా గుర్తించినా, వారి పని గంటలను, విశ్రాంతిని పట్టించుకోలేదు.

తెలుగు రాష్ట్రాల్లో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టమే వాణిజ్య ఉద్యోగాలకు ఆధారం. రెండు రాష్ట్రాల్లోనూ ఐటీ, ఐటీ ఆధారిత సేవల సంస్థలకు ఈ చట్టంలోని కొన్ని నిబంధనల నుంచి మినహాయింపులు ఇస్తూ వచ్చారు. అయితే మినహాయింపు అంటే పూర్తి స్వేచ్ఛ కాదు. వారానికి 48 గంటల పరిమితి, వారపు సెలవు వంటి షరతులు ఆ ఉత్తర్వుల్లోనే ఉంటాయి. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో దుకాణాలు రోజంతా, వారమంతా తెరిచి ఉంచేందుకు అనుమతించినప్పుడు కూడా ఉద్యోగులకు వారపు సెలవు, అదనపు పనికి వేతనం, పండుగ రోజుల్లో పనిచేస్తే పరిహార సెలవు తప్పనిసరి చేసింది. దుకాణానికి సెలవు లేకపోవచ్చు గాని, అందులో పనిచేసే మనిషికి ఉండి తీరాలన్నది దీని సారం.

2025లో రెండు రాష్ట్రాలూ రోజువారీ పని గంటలను పెంచే దిశగా అడుగులు వేశాయి. తెలంగాణ జులైలో వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల వరకు అనుమతిస్తూ, వారానికి 48 గంటల పరిమితిని యథాతథంగా ఉంచింది. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం జూన్‌లో ఇలాంటి మార్పులకే ఆమోదం తెలిపింది. పెట్టుబడులను ఆకర్షించేందుకు ఈ వెసులుబాటు అవసరమని ప్రభుత్వాలు అంటుండగా, పని భారం పెరుగుతుందని కార్మిక సంఘాలు వాదిస్తున్నాయి. రోజువారీ పరిమితి సడలినకొద్దీ వారపు పరిమితి, వారపు సెలవు మరింత కీలకమవుతాయి. కార్మికునికి మిగిలే చివరి కట్టడి అదే.

న్యాయస్థానం గీసిన గీత

ఆ కట్టడిని సడలిస్తే ఏమవుతుందో కొవిడ్ కాలం చూపింది. గుజరాత్ ప్రభుత్వం 2020 ఏప్రిల్ 17న జారీ చేసిన నోటిఫికేషన్‌తో ఫ్యాక్టరీల్లో రోజుకు 12 గంటలు, వారానికి 72 గంటల పనికి అనుమతించింది. అదనపు గంటలకు రెట్టింపు వేతనం అక్కర్లేదని, ఎనిమిది గంటలకు రూ.80 అయితే 12 గంటలకు రూ.120 ఇస్తే చాలని పేర్కొంది. దీనిని గుజరాత్ మజ్దూర్ సభ సర్వోన్నత న్యాయస్థానంలో సవాలు చేసింది.

జస్టిస్ డీవై చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం 2020 అక్టోబర్ 1న ఆ నోటిఫికేషన్లను కొట్టివేసింది. మహమ్మారి తెచ్చిన ఆర్థిక మందగమనం ఫ్యాక్టరీల చట్టం చెప్పే ‘పబ్లిక్ ఎమర్జెన్సీ’ కాదని, ఆ భారాన్ని కార్మికుల భుజాలపై మోపరాదని స్పష్టం చేసింది. అప్పటికే చేసిన అదనపు పనికి చట్టప్రకారం చెల్లించాలని 142వ అధికరణ కింద ఆదేశించింది. పని గంటల పరిమితి గౌరవంగా జీవించే హక్కులో భాగమన్న దృష్టి ఆ తీర్పులో ఉంది. ఒక రాష్ట్ర ప్రభుత్వమే సంక్షోభం పేరిట తొలగించలేకపోయిన రక్షణను, ‘క్లయింటు గడువు’ పేరిట ఒక విభాగాధిపతి తొలగించగలరా అన్న ప్రశ్న సహజంగానే ఉదయిస్తుంది.

గంటల లెక్క, ప్రాణాల లెక్క

2023 అక్టోబర్‌లో ఇన్ఫోసిస్ సహ వ్యవస్థాపకుడు ఎన్ఆర్ నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ ఎస్ఎన్ సుబ్రహ్మణ్యన్ 90 గంటల పనిని ప్రస్తావిస్తూ, ఉద్యోగుల చేత ఆదివారాలు పనిచేయించలేకపోతున్నందుకు విచారం వ్యక్తం చేశారు. దేశ నిర్మాణానికి కష్టపడాలన్న వాదనకు ఆకర్షణ ఉంది. కానీ ఆరోగ్య గణాంకాలు దానికి ఎదురు నిలుస్తున్నాయి.

వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేయడం వల్ల 2016లో ప్రపంచవ్యాప్తంగా పక్షవాతం, గుండె జబ్బులతో 7,45,000 మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో అంచనా వేశాయి. 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే వీరికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం అధికమని తేల్చాయి. కేంద్రం 2025 జనవరిలో పార్లమెంటుకు సమర్పించిన ఆర్థిక సర్వే సైతం సుదీర్ఘ పని గంటల దుష్ప్రభావాలపై అధ్యయనాలను ఉటంకించింది.

2024 జులైలో పుణెలోని ఒక అకౌంటింగ్ సంస్థలో చేరిన నాలుగు నెలలకే 26 ఏళ్ల చార్టర్డ్ అకౌంటెంట్ మరణించడం, వారాంతాల్లోనూ వదలని పని భారమే కారణమని ఆమె తల్లి లేఖ రాయడం దేశవ్యాప్తంగా కలకలం రేపాయి. పని ఒత్తిడి మరణానికి కారణమన్న ఆరోపణను సంస్థ అంగీకరించలేదు. అయితే అక్కడికి వెళ్లిన మహారాష్ట్ర కార్మిక శాఖ అధికారులు, 2007 నుంచి నడుస్తున్న ఆ కార్యాలయానికి దుకాణాలు, సంస్థల చట్టం కింద రిజిస్ట్రేషనే లేదని వెల్లడించారు. నమోదు కాని చోట తనిఖీ ఉండదు, తనిఖీ లేని చోట గంటల లెక్క ఉండదు. చట్టం బలహీనతకంటే అమలులోని ఈ శూన్యమే పెద్ద సమస్య.

పొరుగున, ప్రవాసంలో

దక్షిణాసియాలో సెలవు రోజు మారినా సూత్రం మారదు. బంగ్లాదేశ్‌లో వారాంతం శుక్రవారంతో మొదలవుతుంది. అక్కడి 2006 కార్మిక చట్టం ఫ్యాక్టరీ కార్మికులకు వారానికి ఒక రోజు, దుకాణాల్లో పనిచేసేవారికి ఒకటిన్నర రోజు సెలవు నిర్దేశించింది. తెలుగువారు పెద్దసంఖ్యలో పనిచేసే యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 2021 నాటి కార్మిక చట్టం కనీసం ఒక రోజు వేతనంతో కూడిన విశ్రాంతిని ఇస్తోంది. ఆ రోజు పనిచేయిస్తే బదులు సెలవు ఇవ్వాలి, లేదా ఆ రోజు వేతనంతో పాటు మూల వేతనంలో 50 శాతానికి తగ్గకుండా అదనంగా చెల్లించాలి.

కార్యాలయానికి రమ్మనకుండానే ఫోన్ ద్వారా ఆదివారాన్ని ఆక్రమించే ధోరణిపై కూడా చట్టాలు దృష్టి సారిస్తున్నాయి. పని వేళల తరువాత సంప్రదింపులకు స్పందించకుండా ఉండే హక్కును ఫ్రాన్స్ 2017లో, ఆస్ట్రేలియా 2024 ఆగస్టులో అమల్లోకి తెచ్చాయి. మన లోక్‌సభలో సుప్రియా సూలే ఇదే లక్ష్యంతో 2025 డిసెంబర్‌లో ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టారు. ప్రైవేటు బిల్లులు చట్టాలైన సందర్భాలు అత్యల్పం. అయినా ఈ అంశం చట్టసభ చర్చలోకి రావడం విశేషమే.

కాగితంపై హక్కు, చేతిలో ఆధారం

వేతనాల స్మృతి ఉద్యోగులకు రెండు ప్రయోజనాలు చేకూర్చింది. బకాయిల కోసం దరఖాస్తు చేసుకునే గడువును మూడేళ్లు చేసింది. కనీస వేతనాల పాత చట్టం కింద ఇది ఆరు నెలలే. చెల్లించామని నిరూపించుకునే భారాన్ని యజమానిపైనే ఉంచింది. అయితే పని చేసిన విషయానికి ఆధారం ఉన్నప్పుడే ఇవి ఉపయోగపడతాయి. ఆదేశం ఫోన్‌లో నోటిమాటగా వచ్చి, హాజరు ఎక్కడా నమోదు కాకపోతే ఆ ఆదివారం చట్టం దృష్టిలో జరగనట్టే. ‘ఆదివారం రమ్మన్నారు, పరిహార సెలవు ఎప్పుడు?’ అని మర్యాదగా రాసిన రెండు వాక్యాల ఈమెయిల్ పెద్ద వాదన కంటే విలువైనది కావచ్చు.

భద్రత స్మృతి ఉల్లంఘనకు సాధారణ జరిమానా రూ.2 లక్షల నుంచి రూ.3 లక్షల వరకు ఉంది. చిన్న సంస్థకు ఇది భారమే గాని, వేల మంది పనిచేసే సంస్థకు ఒక పెద్ద లెక్క కాదు. ఇన్‌స్పెక్టర్లను ‘ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్’లుగా మార్చిన కొత్త విధానంలో తనిఖీ ఎంత కఠినంగా ఉంటుందన్నది ఆచరణలో తేలాలి.

అత్యవసర వేళల్లో వారాంతపు పనిని ఎవరూ పూర్తిగా తోసిపుచ్చలేరు. చట్టమూ తోసిపుచ్చలేదు. అది అడుగుతున్నవి మూడే: సమ్మతి, ప్రతిఫలం, బదులు సెలవు. ఈ మూడింటినీ నిర్వాహక హోదా పేరిట కొందరికి, చిన్న సంస్థ అనే కారణంతో మరికొందరికి నిరాకరించకుండా కేంద్ర, రాష్ట్ర నియమావళులు రూపొందితేనే 1890లో బొంబాయి మిల్లు కార్మికులు సాధించిన ఆదివారం నేటి కార్యాలయాలకు, దుకాణాలకు, ఇళ్లకు కూడా చేరుతుంది.